మెయిల్‌బాక్స్‌లో రియల్టర్ కార్డు: చెత్తబుట్టకే పోతున్నా ఎందుకు వస్తూనే ఉంటుంది?

టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా వైపు కొత్తగా లేచిన చాలా కమ్యూనిటీల్లో ఇంటింటికీ విడిగా మెయిల్‌బాక్స్ ఉండదు. వీధి మలుపులో అందరికీ కలిపి తాళాల డబ్బాల వరస ఒకటి ఉంటుంది. వారానికోసారి తాళం తీస్తే లోపల దొరికేవి దాదాపు ఎప్పుడూ అవే: కరెంటు ప్లాన్ మార్చుకోమనే కార్డు, డెంటిస్టు కూపను, చీమల మందు కొట్టేవాళ్ల ఫ్లయరు, వాటి మధ్య రెండో మూడో రియల్టర్ పోస్ట్‌కార్డులు. ‘మీ పక్క వీధిలో ఇల్లు తొమ్మిది రోజుల్లో అమ్మాం’, ‘మీ ఇల్లు ఇప్పుడు ఎంత పలుకుతుందో తెలుసా?’ అని. చాలామంది వాటిని ఇంట్లోకి కూడా తీసుకెళ్లరు, గరాజ్‌లోని రీసైకిల్ బిన్‌లోనే పడేస్తారు. అయినా వచ్చే నెల అదే రియల్టర్ అదే కోటు వేసుకుని, అదే నవ్వుతో మళ్లీ వచ్చేస్తాడు.

పడేస్తారన్న సంగతి పంపేవాళ్లకు బాగా తెలుసు. తెలిసీ పంపడం వెనక ఒక లెక్క ఉంది. ఇల్లు ఐదు లక్షల డాలర్లు అనుకుందాం. అమ్మేవాళ్ల తరఫున లిస్టింగ్ చేసిన, అంటే ఇంటిని అమ్మకానికి పెట్టిన ఏజెంటుకు రెండున్నర శాతం కమిషన్ వస్తే 12,500 డాలర్లు. అందులో ఏజెంటు పనిచేసే బ్రోకరేజ్ సంస్థ ఐదో వంతు తీసుకుంటే 10,000 మిగులుతుంది. డిజైన్, ప్రింటింగ్, పోస్టేజీ అన్నీ కలిపి ఒక కార్డుకు 70 సెంట్లు పడితే, ఆ పదివేలతో పద్నాలుగు వేల పైచిలుకు కార్డులు పంపవచ్చు. అంటే పద్నాలుగు వేల మంది ఓనర్లలో ఒక్కడు ఫోన్ చేసి ఇల్లు చేతికిచ్చినా పెట్టుబడి వెనక్కి వచ్చినట్టే. పిజ్జా షాపుకో, లాండ్రీకో ఈ సౌకర్యం లేదు. వాళ్లకు నూటికి ఒకరైనా రాకపోతే నష్టం.

ఈ సౌకర్యమే ఈ వ్యాపారానికి చెడ్డ అలవాట్లు కూడా నేర్పింది. ఎంత నాసిరకంగా పంపినా ఎప్పుడో ఒకసారి తగులుతుంది కాబట్టి, చాలామంది ఏం పంపుతున్నారో, ఎవరికి పంపుతున్నారో పట్టించుకోరు. టెంప్లేట్ కొని, ఫొటో అతికించి, వేల ఇళ్లకు రెండు సార్లు వేసి, మూడో నెలకు ‘మెయిల్ పనిచేయదు’ అని ఆపేస్తారు.

అసలు ఆ డబ్బు దేనికి పోతోందో చూస్తే విషయం తేలికవుతుంది. ఐదొందల ఇళ్లున్న కమ్యూనిటీలో మామూలు సంవత్సరంలో నూటికి ఐదారు ఇళ్లు చేతులు మారతాయనుకుంటే, ఏడాదికి ఇరవై ఐదు నుంచి ముప్ఫై. ఆ ముప్ఫై ఏవో ముందే తెలిస్తే కార్డు అక్కర్లేదు, తలుపు కొట్టి కాఫీ తాగుతూ మాట్లాడుకోవచ్చు. తెలియదు కాబట్టి మిగతా 470 ఇళ్లకు కూడా పంపాలి. ఇలా ఇళ్లకు పోస్టులో ప్రకటనలు పంపే డైరెక్ట్ మెయిల్ ఖర్చంటే చాలా వరకు ఈ తెలియనితనానికి కట్టే మూల్యం. కాబట్టి ఇందులో నైపుణ్యం అంతా కార్డు రంగులో కన్నా ఆ తెలియనితనాన్ని ఎంత తగ్గించుకున్నారన్న దాంట్లోనే ఉంటుంది. 1960ల నాటి అమెరికన్ మెయిల్ వ్యాపారి ఎడ్ మేయర్ పేరుతో ఒక సూత్రం ఇప్పటికీ చెలామణిలో ఉంది: ఫలితంలో 40 శాతం ఎవరికి పంపాలన్న లిస్టు వల్ల, 40 శాతం ఇవ్వజూపే ఆఫర్ వల్ల, డిజైన్, మాటలు అన్నీ కలిపి మిగిలిన 20 శాతం వల్ల. అంకెలు అక్షరాలా నిజమని ఎవరూ అనరు కానీ, వరస మాత్రం సరైనదే. రియల్టర్లు ఎక్కువగా తల బద్దలు కొట్టుకునేది మాత్రం ఆ చివరి ఇరవై మీద, ముఖ్యంగా తమ ఫొటో మీద.

ఇక్కడొక ప్రశ్న రావచ్చు. హైదరాబాద్‌లో ఇంత రియల్ ఎస్టేట్ ఉంది కదా, అక్కడ ఎవరూ పాత ఇళ్ల ఓనర్లకు నెలనెలా కార్డులు ఎందుకు పంపరు? పేపర్ మడతలో పడే పాంప్లెట్లు, రోడ్ల మీద హోర్డింగులు, వాట్సాప్ ఫార్వర్డులు అన్నీ కొనేవాళ్ల కోసమే. కొత్త వెంచర్, కొత్త టవర్. 2016 నాటి రెరా చట్టం వచ్చాక రిజిస్ట్రేషన్ కావలసిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటన వేయకూడదు. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లు పరిహారం అడగవచ్చు కూడా. కానీ ఓనర్‌ను వెతుక్కుంటూ పోయే మెయిల్ మాత్రం లేదు. కారణం తపాలా శాఖ కాదు, ఒప్పందం. అమెరికాలో ఓనర్ ఒక బ్రోకరేజ్‌తో ఎక్స్‌క్లూజివ్ లిస్టింగ్ సంతకం చేస్తాడు. ఆ గడువులో ఇల్లు ఎవరు అమ్మి పెట్టినా లిస్టింగ్ ఏజెంటుకు అతని వాటా వస్తుంది. మన దగ్గర ఫ్లాట్ అమ్మేవాడు ఐదుగురు బ్రోకర్లకు చెబుతాడు, ఎవరు ముందు పార్టీని తెస్తే వాళ్లకే కమిషన్. రెండేళ్ల పాటు కార్డులు పంపి ఓనర్‌ను ఒప్పించినా, చివర్లో పక్కింటి బ్రోకర్ తన్నుకుపోయే వీలున్న చోట ఆ రెండేళ్ల ఖర్చు ఎవరు పెడతారు?

లిస్టు ఎక్కడ పుడుతుంది

టెక్సస్‌లో ప్రతి కౌంటీకీ ఒక అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉంటుంది, ప్రాపర్టీ ట్యాక్స్ కోసం ఇళ్ల విలువ కట్టే ఆఫీసు. దాని వెబ్‌సైట్‌లో అడ్రసు కొడితే ఓనర్ పేరు, మెయిలింగ్ అడ్రసు, డీడ్ తేదీ (ఇల్లు ఆ ఓనర్ పేరు మీదకు మారిన దస్తావేజు తేదీ), ఏ ఏ పన్ను మినహాయింపులు ఉన్నాయో సాధారణంగా కనిపిస్తాయి. ఎవరైనా చూడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లకు ఇది మొదట్లో కాస్త కంగారు పుట్టించే విషయమే.

ఈ నాలుగు గడులను కలిపి చదవడం తెలిస్తే చాలా సంగతులు బయటపడతాయి. ఇంటి అడ్రసు ఒకటి, మెయిలింగ్ అడ్రసు ఇంకొకటి అయితే ఓనర్ అక్కడ ఉండటం లేదు, ఇల్లు అద్దెకిచ్చి ఉండవచ్చు. సొంతంగా ఉండే ఇంటికి మాత్రమే ఇచ్చే హోమ్‌స్టెడ్ ఎగ్జంప్షన్ ఆ ఇంటి మీద లేకపోతే అనుమానం ఇంకొంచెం బలపడుతుంది. డీడ్ తేదీ పన్నెండేళ్ల కిందటిదైతే, కొన్నప్పుడు ప్రైమరీ స్కూల్‌లో ఉన్న పిల్లలు ఇప్పుడు కాలేజీకి వెళ్లిపోయి ఉంటారు. ఐటీ ఉద్యోగంతో ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో మొదటి ఇల్లు కొని, తర్వాత సియాటిల్‌కో బే ఏరియాకో మారి, ఆ ఇంటిని అద్దెకిచ్చి పెట్టుకున్న తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. అలాంటి ఓనర్‌కు ఏసీ చెడిపోయిందని టెనెంట్ ఫోన్ చేసిన వారంలో సియాటిల్ చిరునామాకు ఒక ఉత్తరం అందితే, వీధిలో పంచిన ఐదొందల కార్డులకన్నా దాని విలువ ఎక్కువ. ఏసీ చెడిపోయే వారం ఏదో ఎవరికీ తెలియదు, అందుకే ఆ ఉత్తరం ఏడాదిలో చాలాసార్లు వెళ్లాలి. ఊరూరా పంచకుండా అలాంటి ఎనభై మందికే వెళితే చాలు.

టెక్సస్‌కు మరో ప్రత్యేకత ఉంది. ఇల్లు ఎంతకు అమ్ముడుపోయిందో ప్రభుత్వానికి చెప్పి తీరాలన్న నిబంధన అక్కడ లేదు. కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో పక్కింటి అమ్మకం ధర పబ్లిక్ రికార్డుల్లో పట్టుకోవచ్చు. టెక్సస్‌లో అది ప్రధానంగా ఎంఎల్ఎస్‌లోనే, అంటే ఏజెంట్లు అమ్మకాల వివరాలు పంచుకునే ఉమ్మడి డేటాబేస్‌లోనే ఉంటుంది. వెబ్‌సైట్లు చూపించే అంచనాలు అక్కడ తరచూ తేలిపోవడానికి ఇదీ ఒక కారణం. కాబట్టి ‘జస్ట్ సోల్డ్’ కార్డులో నిజమైన సమాచారం ఇచ్చే అవకాశం టెక్సస్ రియల్టర్‌కు ఎక్కువ, చదివేవాడికి దాని అవసరమూ ఎక్కువ. అయినా వీధుల్లో తిరిగే కార్డుల్లో చాలా వాటిలో ‘రికార్డు ధరకు అమ్మాం’ అని గొప్పలే తప్ప, ఎన్ని చదరపు అడుగులు, ఎన్ని రోజులు మార్కెట్‌లో ఉంది, అడిగిన ధరకు ఎంత తేడాలో పోయింది అన్నవి ఉండవు. అమ్మకం ధరలను ప్రకటనల్లో ఏ మేరకు వాడవచ్చో ఎంఎల్ఎస్ నిబంధనలు చూసుకోవాలి, అది నిజమే. చూసుకుని రాసేవాళ్లు తక్కువ.

ఈ ధరల సమాచారాన్ని బాగా వాడుకునే కాలం ఒకటుంది, ఏప్రిల్ నెలాఖరు. అప్పుడే అప్రైజల్ డిస్ట్రిక్టుల నుంచి ‘ఈ ఏడాది మీ ఇంటి విలువ ఇంత’ అని నోటీసులు వస్తాయి. టెక్సస్‌లో రాష్ట్ర ఇన్‌కం ట్యాక్స్ లేదు, ఆ లోటు పూడ్చేది ప్రాపర్టీ ట్యాక్సే, కాబట్టి నోటీసు చూడగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అభ్యంతరం చెప్పుకోవడానికి సాధారణంగా మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది ఆలస్యమైతే అది గడువు. అభ్యంతరానికి కావలసింది చుట్టుపక్కల ఇళ్లు నిజంగా ఎంతకు పోయాయన్న ఆధారం. మామూలు ఓనర్‌కు అది దొరకదు, రియల్టర్ దగ్గర ఉంటుంది. ‘మీ ఇంటి ట్యాక్స్ విలువ మీద ప్రొటెస్ట్ చేయాలనుకుంటే, మీ కమ్యూనిటీలో ఈ ఏడాది అమ్ముడైన ఇళ్ల వివరాలు పంపుతాం, ఖర్చేమీ లేదు’ అని ఏప్రిల్ 25 ప్రాంతంలో అందే కార్డు ఆ వారం రీసైకిల్ బిన్‌లో పడదు. అమ్మే ఆలోచన లేనివాడు కూడా ఫోన్ చేస్తాడు. ఎవరు ఎన్నేళ్లుగా ఉంటున్నారో, ఎవరి ఉద్యోగం ఎటు మారుతోందో ఆ ఫోన్లలోనే తెలుస్తుంది. ఆఫర్‌కు 40 శాతం అన్న పాత సూత్రంలోని అర్థం ఇదే. ‘ఉచిత హోమ్ వాల్యుయేషన్’ అన్నది ఇప్పుడు ఎవరికీ ఆఫర్‌లా కనిపించదు, ఫోన్‌లో రెండు నొక్కులతో ఏదో ఒక అంకె వస్తుంది.

పోస్టాఫీసు కౌంటర్ దగ్గర

పంపడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పేర్లూ అడ్రసులూ ఏమీ లేకుండా ఒక పోస్ట్‌మన్ రూట్ మొత్తానికి వేసేది. యూఎస్ పోస్టల్ సర్వీస్ దీన్ని 2011లో ‘ఎవ్రీ డోర్ డైరెక్ట్ మెయిల్’ పేరుతో తెచ్చింది. వెబ్‌సైట్ మ్యాపులో రూట్లు ఎంచుకుని, కార్డులను యాభై నుంచి వంద వరకు కట్టలు కట్టి, పైన స్లిప్పు పెట్టి, ఆ ప్రాంతపు పోస్టాఫీసులో ఇస్తే సరిపోతుంది. చిన్న వ్యాపారుల కోసం పెట్టిన రిటైల్ రకంలో కనీసం 200, ఒక జిప్ కోడ్‌కు రోజుకు గరిష్ఠంగా 5,000. పోస్టేజీ కార్డుకు పావు డాలర్ దరిదాపుల్లో పడుతుంది. మామూలు సైజు పోస్ట్‌కార్డు దీనికి పనికిరాదు, కనీసం ఒక వైపు పెద్దదిగా ఉండాలి. ఆ పెద్ద నిగనిగలాడే కార్డులు మెయిల్‌బాక్స్ నిండా కనిపించడానికి కారణం ఈ నిబంధనే.

చవక అనేది నిజమే, కానీ రూట్ గీత కమ్యూనిటీ గీతతో కలవదు. సగం కమ్యూనిటీ ఒక రూట్‌లో, మిగతా సగం అవతలి అపార్ట్‌మెంట్లతో కలిసి ఇంకో రూట్‌లో ఉంటుంది. ‘మీ ఇల్లు అమ్ముకోండి’ అన్న కార్డు అద్దెకుండే రెండొందల మందికి కూడా పోతుంది. సియాటిల్‌లో ఉన్న ఓనర్‌కు పోదు, ఆయన టెనెంట్‌కు పోతుంది.

రెండో దారి పేరు, అడ్రసుతో పంపేది. ఇందులో ఫస్ట్ క్లాస్‌కూ మార్కెటింగ్ మెయిల్‌కూ తేడా చాలామంది రేటు వరకే చూస్తారు. మార్కెటింగ్ మెయిల్ చవక, నెమ్మది. అడ్రసు తప్పయితే విడిగా డబ్బు కట్టి అడిగితే తప్ప తిరిగి రాదు, పోస్టాఫీసులోనే చెత్తలోకి పోతుంది. ఫస్ట్ క్లాస్ అయితే మనిషి ఇల్లు మారితే కొత్త అడ్రసుకు వెళుతుంది, లేదా కారణం రాసిన పసుపు స్టిక్కరుతో పంపినవాడి దగ్గరకే వస్తుంది. ఆ తిరిగొచ్చిన కార్డు వృథా అనుకుంటారు కానీ, అది ఒక వార్త. ఓనర్ పేరున వెళ్లిన కార్డు ‘ఖాళీగా ఉంది’ అని తిరిగొచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు. ఏడాదికి ఒకటి రెండు సార్లైనా మొత్తం లిస్టుకు ఫస్ట్ క్లాస్‌లో పంపి, తిరిగొచ్చినవాటిని విడిగా కూర్చుని చదివే ఏజెంటుకు ఆ అదనపు ఖర్చు ఊరికే పోదు.

పోస్టేజీ దండగని, కార్డులు చేత్తో పట్టుకెళ్లి మెయిల్‌బాక్సుల్లో వేసేద్దామని కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లకు తప్పకుండా ఒక ఆలోచన వస్తుంది. స్టాంపు లేకుండా మెయిల్‌బాక్స్‌లో ఏది వేసినా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, జరిమానా ఉంటుంది. డబ్బా ఇంటి ఓనర్ కొన్నదే అయినా, అందులో మెయిల్ పెట్టే హక్కు పోస్టల్ సర్వీస్‌ది. అందుకే తలుపు గొళ్లానికి తగిలించే కార్డులు పుట్టాయి.

ఇన్ని తంటాలు పడే బదులు ఫేస్‌బుక్‌లో వేయవచ్చు కదా అంటే, ఇల్లు అనేసరికి అక్కడి తలుపులు సగం మూసుకుపోయాయి. ఇళ్ల ప్రకటనల్లో వివక్షకు వీలిస్తోందన్న కేసుల తర్వాత ఫేస్‌బుక్ 2019 నుంచి అమెరికాలో ఇళ్ల ప్రకటనలకు వయసు, లింగం, జిప్ కోడ్ వారీగా గురిపెట్టే వీలు తీసేసింది. ఐదొందల ఇళ్ల కమ్యూనిటీకి మాత్రమే చూపించాలంటే కుదరదు, చుట్టూ మైళ్ల కొద్దీ చూపించాలి. ఫోన్ చేద్దామంటే, ‘నాకు ఫోన్ చేయకండి’ అని నమోదు చేసుకునే డు నాట్ కాల్ రిజిస్ట్రీ 2003 నుంచి ఉంది. అనుమతి లేని ఆటోమేటిక్ కాల్స్, మెసేజ్‌లకు 1991 నాటి చట్టం కింద ఒక్కోదానికి 500 నుంచి 1,500 డాలర్ల దాకా దావా పడవచ్చు. ‘నాకు మెయిల్ పంపకండి’ అని చెప్పుకునే జాతీయ ప్రభుత్వ రిజిస్ట్రీ మాత్రం లేదు. ఫలానా వీధిలోని ఫలానా ఇళ్లనే చేరాలంటే చట్టబద్ధంగా మిగిలిన దారుల్లో పోస్టే తేలికైనది. పాతబడిపోయిందని అందరూ అనే పద్ధతి నిలబడి ఉండటానికి కాగితం మీద మమకారం కన్నా ఇదే ముఖ్య కారణం.

ఎంతవరకు తెలుసుకోవచ్చు

తెలియనితనాన్ని తగ్గించుకోవాలి సరే, కానీ ఒక హద్దు ఉంది. 1950, 60లలో షికాగో లాంటి నగరాల్లో ‘నల్లవాళ్లు మీ వీధిలోకి వస్తున్నారు, ఇక ధరలు పడిపోతాయి’ అని తెల్ల కుటుంబాలను భయపెట్టి, ఇళ్లు చవగ్గా కొని, వాటినే నల్లజాతి కుటుంబాలకు ఎక్కువ ధరకు అంటగట్టిన బ్రోకర్లు ఉన్నారు. ఫోన్లతో పాటు ఉత్తరాలూ కరపత్రాలూ ఆ దందాకు పనిముట్లే. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం దాన్ని నిషేధించింది, జాతి, మతం, పుట్టిన దేశం లాంటి వాటి ఆధారంగా ఎవరికైనా ప్రాధాన్యం చూపించే ఇళ్ల ప్రకటనలను కూడా. న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని ప్రాంతాల ఓనర్లు తమ పేరు నమోదు చేయించుకుంటే, బ్రోకర్లు వాళ్లను ఇల్లు అమ్మమని అడగకూడదన్న ఏర్పాటు కూడా ఉంది.

తెలుగు రియల్టర్లకు ఇది దూరపు చరిత్ర కాదు. అప్రైజల్ రికార్డుల్లో రెడ్డి, రావు, శర్మ లాంటి లాస్ట్ నేములు ఏరి ఒక లిస్టు చేసుకోవడం పది నిమిషాల పని, చేయాలనిపించే పని కూడా. ‘మన తెలుగు కుటుంబాలు ఉండే కమ్యూనిటీ’ అని కార్డు మీద వేస్తే అమ్మకానికి పనికొస్తుందనీ అనిపిస్తుంది. రెండోది ప్రకటనలో పుట్టిన దేశం, జాతి ప్రస్తావన తెచ్చి నేరుగా చట్టానికి అడ్డం వెళ్లేది. మొదటిది ఫిర్యాదు వస్తే, లిస్టు ఏ ప్రాతిపదికన తయారైందన్న ప్రశ్నకు జవాబు లేకుండా చేసేది. ఇంటి గురించి చెప్పవచ్చు: తూర్పు ముఖం, విడిగా పూజ గది పెట్టుకునే చోటు, ఫలానా స్కూల్ జోన్. ఎవరుండాలో చెప్పకూడదు. అదే కార్డు ఆ ప్రాంతంలో అన్ని ఇళ్లకూ వెళ్లాలి.

చట్టం సంగతి అటుంచినా అది వ్యాపారానికీ మంచిది. తెలుగు రియల్టర్లకు కొనేవాళ్లు ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల నుంచీ, గుడి నుంచీ, స్నేహితుల మాట మీదా వస్తారు. బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు బుక్ చేయించి, బిల్డర్ ఇచ్చే కమిషన్‌లో కొంత కొనేవాళ్లకు తిరిగిచ్చే పద్ధతి డాలస్ చుట్టుపక్కల బాగా పాతుకుపోయింది. దానికి పోస్టు అక్కర్లేదు. కానీ అలాంటి కొనుగోళ్లలో పోటీ అంతా ఎవరు ఎక్కువ తిరిగిస్తారన్న దగ్గరే ఆగిపోతుంది. లిస్టింగ్ వైపు రావాలంటే ఆ వీధిలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న అమెరికన్ దంపతులకూ, మెక్సికన్ కుటుంబానికీ పేరు తెలియాలి. వాళ్లు ఏ వాట్సాప్ గ్రూపులోనూ ఉండరు.

చిన్న అక్షరాల నిబంధనలు ఇంకొన్ని ఉన్నాయి. కార్డు అడుగున ‘మీ ఇల్లు ఇప్పటికే వేరే బ్రోకర్ దగ్గర ఉంటే ఇది మీ కోసం కాదు’ అన్న వాక్యం కనిపిస్తుంది కదా. ఒక ప్రాంతమంతటికీ కలిపి పంపే మెయిల్‌ను రియల్టర్ల సంఘం నీతి నియమావళి ఒప్పుకుంటుంది, వేరే బ్రోకర్ లిస్టింగుల్ని ఏరి వాళ్లకే పంపడాన్ని ఒప్పుకోదు. టెక్సస్‌లో బ్రోకరేజ్ పేరు, ఏజెంటు కాంటాక్టు వివరాల్లో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనీసం సగం సైజులో ఉండాలి. లోన్ ఆఫీసర్‌తో కలిసి కార్డు వేస్తే ఎవరి భాగం ఎంతో ఖర్చు అంతే పంచుకోవాలి. మొత్తం బిల్లు లెండర్ కట్టేస్తే, ఇంటి లోన్ లావాదేవీల మీద వచ్చిన 1974 నాటి రెస్పా చట్టం దాన్ని కస్టమర్లను పంపినందుకు ఇచ్చిన లంచంగా చూడవచ్చు.

కొన్ని మెయిల్స్ చట్టానికి ఇవతలే ఉన్నా చదివితే ఒళ్లు మండుతుంది. పసుపు కాగితం మీద చేతిరాత లాంటి ఫాంటుతో ‘మీ ఇల్లు క్యాష్‌కు కొంటాను’ అని వచ్చే ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది కొనరు. ఒప్పందం రాయించుకుని ఆ కాగితాన్నే ఇంకొకరికి అమ్ముకుంటారు. తమకున్నది ఇల్లు కాదు, కొనే ఒప్పందం మాత్రమేనని అవతలివాడికి చెప్పి తీరాలని టెక్సస్‌లో 2017లో చట్టం చేయాల్సి వచ్చింది. ఉచితంగా చేసుకునే హోమ్‌స్టెడ్ దరఖాస్తుకు ఫీజు అడుగుతూ, సర్కారు నోటీసులా కనిపించే కవర్లు ఇంకో రకం. వీటి పాపం మామూలు రియల్టర్ కార్డు మోస్తుంది. మెయిల్‌బాక్స్‌లో ఇంటి గురించి ఏం వచ్చినా జనం మోసమనుకోవడం మొదలుపెట్టారు.

వడ్డీ రేట్లు మార్చిన లెక్క

30 ఏళ్ల లోన్ సగటు వడ్డీ, ఇంటి లోన్లను బ్యాంకుల నుంచి కొనే ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థ లెక్కల్లో 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబర్‌లో 7.79 శాతానికి చేరింది. మూడు శాతానికి లోన్ తీసుకున్నవాడు ఇంకో ఇంటికి ఏడు శాతం కట్టడానికి ఇష్టపడడు, అమ్మడం వాయిదా వేస్తాడు. 2024లో దేశమంతటా అమ్ముడైన పాత ఇళ్లు 40 లక్షల 60 వేలు. 1995 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు.

మన ఐదొందల ఇళ్లకు ఇది ఏం చేస్తుంది? నెలకోసారి కార్డు వేస్తే ఏడాదికి ఆరు వేల కార్డులు, 4,200 డాలర్లు. నూటికి ఆరు ఇళ్లు అమ్ముడయ్యే కాలంలో, పదింట ఒకటి తన చేతికి వచ్చేంత పేరు తెచ్చుకున్న ఏజెంటుకు ఏడాదికి మూడు లిస్టింగులు. అదే మూడు శాతానికి పడిపోతే ఒకటిన్నర. అప్పటికీ గిట్టుబాటే, కానీ ఆ పదింట ఒకటి అన్నది మొదటి ఏడాదిలో రాదు. మొదటి ఏడాది సున్నా అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. దీనికి తోడు 2024 ఆగస్టు 17 నుంచి, కొనేవాళ్ల ఏజెంటుకు ఇచ్చే కమిషన్ ఎంతో ఎంఎల్ఎస్‌లో చూపించడం ఆగిపోయింది, కొనేవాళ్లు తమ ఏజెంటుతో ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. అప్పట్నుంచి కమిషన్ గురించి ఓనర్లు సూటిగా అడుగుతున్నారు, ‘ఒక శాతానికే అమ్మి పెడతాం’ అనే కార్డులూ తిరుగుతున్నాయి. రెండున్నర బదులు ఒక శాతానికి ఒప్పుకుంటే పైన వేసిన లెక్కంతా అరవై శాతం కుంచించుకుపోతుంది.

ఇలాంటి కాలంలో చాలామంది వేసే ఎత్తు, తక్కువ అమ్ముడవుతున్నాయి కాబట్టి ఎక్కువ ఇళ్లకు పంపడం. 2,100 డాలర్లతో మూడు వేల కార్డులు వస్తాయి. వాటిని వెయ్యి ఇళ్లకు మూడు సార్లు వేయవచ్చు, 250 ఇళ్లకు పన్నెండు సార్లు వేయవచ్చు. ఓనర్ మనసులో అమ్మాలన్న ఆలోచన పుట్టి, ఎవరికో ఫోన్ చేసే లోపు ఉండే వ్యవధి కొద్ది వారాలే. ఏడాదిలో మూడు సార్లు వెళ్లే కార్డు ఆ వారాల్లో తగిలే అవకాశం తక్కువ, నెలనెలా వెళ్లేది దాదాపు ఎప్పుడూ ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ 250 ఇళ్లు ఏవన్నది మాత్రం జాగ్రత్తగా తేల్చుకోవాలి. ముందు రెండేళ్లలో అక్కడ అమ్ముడైనవి ఎన్ని, వాటిలో ఒకే ఏజెంటు చేతికి ఎన్ని వెళ్లాయి అన్నది ఎంఎల్ఎస్‌లో చూడాలి. సగం లిస్టింగులు ఒకరే చేస్తున్న కమ్యూనిటీలో కొత్తగా దూరడం కన్నా, పదిహేను అమ్మకాలు పదిహేను మంది చేతుల్లో చెల్లాచెదురైన చోటు నయం.

ఫలితం కొలవడమే అన్నిటికన్నా కష్టం. కార్డుకు విడిగా ఫోన్ నంబరు, క్యూఆర్ కోడ్ పెట్టి, ఎవరూ స్కాన్ చేయలేదని నిరుత్సాహపడతారు. జనం చేసేది వేరు. పేరు గుర్తు పెట్టుకుని ఎనిమిది నెలల తర్వాత గూగుల్‌లో వెతికి, రివ్యూలు చదివి ఫోన్ చేస్తారు. ‘మా గురించి ఎలా తెలిసింది?’ అంటే ‘గూగుల్‌లో చూశాం’ అంటారు. 2017 నుంచి దేశమంతటా ఉన్న ఇన్ఫర్మ్‌డ్ డెలివరీ సేవలో చేరినవాళ్లకు, ఆ రోజు రాబోయే మెయిల్ ఫొటోలు పొద్దున్నే ఈమెయిల్‌లో వస్తాయి. అందులో సాధారణంగా కనిపించేవి లెటర్ సైజు మెయిల్ అడ్రసు వైపే. పేరంతా రెండో వైపు పెట్టుకున్న కార్డుకు ఆ చూపు కూడా దక్కదు.

నిజంగా తెలుసుకోవాలంటే, ఒకే రకమైన ఇళ్లున్న రెండు భాగాలు తీసుకుని ఒకదానికి మాత్రమే పంపి, రెండో దాన్ని కావాలని వదిలేయాలి. రెండేళ్లకు రెండు చోట్లా జరిగిన అమ్మకాల్లో తన చేతికి వచ్చినవి ఎన్నో ఎంఎల్ఎస్‌లో లెక్కపెడితే సరిపోతుంది. ఒక్కో భాగంలో అంకెలు చిన్నవే కాబట్టి ఒకటి రెండు లిస్టింగుల తేడాకు పొంగిపోకూడదు. కార్డులు వెళ్లిన చోట నాలుగు వచ్చి, వెళ్లని చోట ఏమీ రాకపోతే మూడో ఏడాదికి బడ్జెట్ పెట్టవచ్చు. రెండు చోట్లా ఒక్కొక్కటే వచ్చి ఉంటే, ఆ రెండూ తెలిసినవాళ్ల ద్వారా వచ్చినవే అయి ఉంటాయి. ఆ కమ్యూనిటీకి కార్డులు ఆపేయవచ్చు.